నాలుగు ఆటలకి ఎన్ని జతలు?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి. స్కూల్లో ఫుట్‌బాల్ టీమ్‌లో ఉంది. శని, ఆదివారాలు క్రికెట్ అకాడమీకి వెళ్తుంది. పరుగు పందెమంటే చెవి కోసుకుంటుంది, స్కూలు మీట్‌లో 100, 200 మీటర్లు పరిగెడుతుంది. సాయంత్రాలు అపార్ట్‌మెంట్ పిల్లలతో కలిసి దగ్గర్లో ఉన్న టర్ఫ్‌కి, అంటే ప్లాస్టిక్ గడ్డి గ్రౌండుకి. ఫుట్‌బాల్ సారు అడుగున మొనలుండే స్టడ్స్ కొనమంటున్నారు, క్రికెట్ కోచ్ స్పైక్స్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో వెతికితే క్లీట్స్ అని వందల రకాలు చూపిస్తోంది. అన్నీ కొంటే పది వేలు దాటేలా ఉంది, ఏడాది తిరిగేసరికి పాదం పెరిగిపోతుంది. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు బేస్‌బాల్ క్లీట్స్ ఒక జత పంపాడు. అవి బాగా వదులు. "వచ్చే ఏడాదికి సరిపోతాయిలే, వేసుకోనీ" అంటారు మావారు. మా మామగారేమో "మేం ఒట్టికాళ్లతోనే ఆడాం, ఇవన్నీ ఎందుకు" అంటారు. ఈమధ్య ఆడి వచ్చాక పాప మడమ నొప్పి అంటోంది. ఏం కొనమంటారు?

సమాధానం:

అమ్మా,

అన్నిటికన్నా ముందు రాయాల్సిన సంగతి చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. పాపకి మడమ నొప్పి. దాని దగ్గరికి వస్తాను గానీ, ఈలోపు ఒక్క పని చేయండి. ఈ వారం ఏ బూట్లూ కొనకండి. ఆన్‌లైన్‌లో కార్ట్‌లో ఏమైనా వేసి ఉంటే అక్కడే ఉండనివ్వండి.

నేను గుంటూరు జిల్లా బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. పిల్లల నోట్లో డ్రిల్లు మాస్టారిని. బూట్ల గురించి అడిగే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. అందరూ మీలాగే ఆట పేరు చెప్పి అడుగుతారు. షాపులో కుర్రాడు కూడా "ఏ ఆట మేడమ్?" అనే మొదలుపెడతాడు. నేనైతే ముందు ఏ నేల మీద ఆడుతుందో అడుగుతాను. మీ పాప నాలుగు ఆటలు ఆడుతోంది సరే, ఆడే నేలలు లెక్కపెడితే మూడే ఉన్నట్టున్నాయి: స్కూలు గ్రౌండు, అకాడమీ నెట్స్, టర్ఫ్. పరుగు కూడా ఆ స్కూలు గ్రౌండు మీదే కదా.

మన దగ్గర స్కూలు గ్రౌండు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. కృష్ణా, గుంటూరు రెండు వైపులా కింద ఉన్నది నల్లరేగడి. దాని మీద ఎర్ర గ్రావెల్ తోలి రోలరు తిప్పుతారు. సంక్రాంతి దాటిందంటే అది సిమెంటు గచ్చులా బిగుసుకుపోతుంది, మళ్లీ వానలు పడేదాకా అంతే. వానలు పడ్డాక గ్రావెల్ పలచబడ్డ చోటల్లా రేగడి పైకి వస్తుంది. నాలుగడుగులు వేస్తే బూటు అడుగున మట్టి పెళ్ల కట్టి, పిల్ల రెండంగుళాలు పొడుగవుతుంది. పచ్చిక అనేది గోల్ వెనక, కుళాయి కారే చోట మాత్రం కనిపిస్తుంది.

ఇప్పుడు ఫుట్‌బాల్ స్టడ్స్ సంగతి. పెట్టె మీదో, బూటు నాలుక వెనకో రెండక్షరాలు ఉంటాయి. మీరు ఆన్‌లైన్‌లో చూసినవాటిలో ఎక్కువ భాగం ఎఫ్‌జీ అయి ఉంటాయి. ఫర్మ్ గ్రౌండ్ అన్నమాట, గట్టి నేలకి అని. అది చదివి "మా గ్రౌండు గట్టిదే కదా" అని కొనేస్తారు. అక్కడే పొరపాటు. ఆ పేరు పెట్టినవాళ్ల దృష్టిలో గట్టి నేల అంటే పచ్చిక నిండుగా ఉండి, కింద మట్టి మరీ తడిగా లేని నేల. స్టడ్ అందులోకి బాగా దిగాలి, దిగితేనే అడుగంతా నేలకి ఆనుతుంది. మన గ్రావెల్ మీద అది దిగదు. దిగకపోతే పిల్ల బరువంతా ఆ పది పన్నెండు మొనల మీదే ఉంటుంది. ఒకసారి బియ్యంలో రాళ్లు ఏరే చేట తీసుకుని నాలుగు గోలీల మీద బోర్లించి నొక్కి చూడండి, చేట ఎక్కడ ఉబుకుతుందో తెలుస్తుంది. పాదం కింద కూడా అదే జరుగుతుంది. అందులోనూ పిల్లల స్టడ్స్‌కి అడుగు పలచన, మడమ కింద మెత్త దాదాపు ఉండదు.

ఎస్‌జీ, అంటే సాఫ్ట్ గ్రౌండ్, అని ఇంకో రకం ఉంది. వాన కురిసి మెత్తబడ్డ పచ్చిక కోసం, మర తిప్పి బిగించే పొడుగాటి స్టడ్స్, మొనకి లోహం. బెజవాడలో వాటితో ఎవరికీ పని లేదు. నా సర్వీసులో ఒకసారి ఒక షాపువాడు మా బడి పిల్లాడికి అవి అంటగట్టాడు. "ఇవి ప్రొఫెషనల్ సార్" అట. వాడు గ్రౌండులోకి వస్తుంటే గుర్రం వస్తున్నట్టు టకటకా చప్పుడు. ఇరవై నిమిషాలు ఆడి, ఒక పక్కన కూర్చుని విప్పేశాడు.

మీరు అడగాల్సింది టీఎఫ్. టర్ఫ్ షూ అంటారు. అడుగున పొడుగు స్టడ్స్ ఉండవు, శనగగింజంత రబ్బరు బొడిపెలు అడుగు నిండా దగ్గరదగ్గరగా ఉంటాయి. బరువు అన్నిటి మీదా పంచుకుంటుంది, మడమ కింద మెత్త కూడా కొంచెం ఉంటుంది. షాపులో కొందరికి ఆ పేరు తెలియదు, "చిన్న గ్రిప్పులవి, స్టడ్స్ కాదు" అనండి, అర్థమవుతుంది. ఇది గ్రావెల్ మీద బాగుంటుంది, సాయంత్రం మీ పాప వెళ్లే టర్ఫ్ మీద ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అది పుట్టిందే దాని కోసం. అకాడమీ నెట్స్‌లో కూడా గడిచిపోతుంది. అంటే మీ నాలుగు ఆటల్లో మూడిటికి ఈ ఒక్క జత.

టర్ఫ్ దగ్గర ఇంకో మాట. ఈ ఐదారేళ్లలో బెజవాడలో సందుకో బాక్స్ క్రికెట్ టర్ఫ్ వచ్చింది. ఆ ప్లాస్టిక్ గడ్డిలో పొడుగు స్టడ్ దిగితే కాలు పట్టేసినట్టు అక్కడే ఆగిపోతుంది. ఒళ్లు తిరుగుతుంది, కాలు తిరగదు. మధ్యలో నలిగేది మోకాలు. ఆడపిల్లలకి పన్నెండు, పదమూడు దాటాక మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు దెబ్బతినడం, గిర్రున తిరిగే ఆటల్లో, మగపిల్లలకంటే ఎక్కువ. మీ పాప ఆ వయసు గుమ్మంలోనే ఉంది. భయపెట్టడానికి రాయడం లేదు. ఫుట్‌బాల్ సారు స్టడ్స్ అని పట్టుబడితే మీరు కూడా పట్టుబట్టడానికి కారణం చేతిలో ఉంటుందని రాస్తున్నాను. వానాకాలంలో టోర్నమెంటు ఉండి, నిజంగా పచ్చిక ఉన్న గ్రౌండులో ఆడే రోజు వస్తే అప్పుడు ఎఫ్‌జీ జత చూద్దాం. అప్పుడు కూడా బ్లేడుల్లా పలకగా ఉన్నవి కాకుండా, గుండ్రటి స్టడ్స్ ఉన్నవే. గుండ్రటిది నేలలో తేలిగ్గా తిరుగుతుంది.

క్రికెట్ కోచ్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "సార్, నెట్స్ ఏ పిచ్ మీద?" సిమెంటు మీద మ్యాట్ పరిచిన పిచ్ అయితే, ఊళ్లో ఎక్కువ అకాడమీల్లో అదే, అక్కడ ఇనప స్పైక్స్, అంటే అడుగున ఇనప ముళ్లున్న బూట్లు, వేసుకోకూడదు. మ్యాట్ చిరుగుతుంది, అది వాళ్ల నష్టం. మ్యాట్ దాటి సిమెంటు మీద కాలు పడితే ఇనుము జర్రున జారుతుంది, అది మన నష్టం. రన్నప్ కూడా సగం చోట్ల సిమెంటే. కోచ్ స్పైక్స్ అన్నది బహుశా క్రికెట్ షూ అనే అర్థంలో అయి ఉంటుంది. మనవాళ్లు రబ్బరు గ్రిప్పులున్న తెల్ల బూట్లని కూడా స్పైక్స్ అనేస్తారు. మట్టి వికెట్ మీద, అంటే మూలపాడు, మంగళగిరి గ్రౌండ్లలో ఉండేలాంటి అసలు పిచ్ మీద మ్యాచ్‌లు ఆడే స్థాయికి వచ్చినప్పుడు ఇనప స్పైక్స్ అవసరం వస్తుంది. అందులోనూ పేస్ వేసేవాళ్లకి ముందు. మీ పాప బౌలరో బ్యాటరో మీరు రాయలేదు. స్పిన్ వేస్తుంటే ఇంకా రెండు మూడేళ్లు ఆ ఊసే వద్దు.

టర్ఫ్ షూతో క్రికెట్‌లో ఒక లోటు ఉంది, దాచను. ముందు భాగం పలచన. తోలు బంతి యార్కర్ వేళ్ల మీద పడితే చుక్కలు కనిపిస్తాయి. క్రికెట్ షూకి అక్కడ గట్టి కవచం ఉంటుంది. పాప ఇంకా టెన్నిస్ బంతితోనో సింథటిక్ బంతితోనో ఆడుతుంటే ఈ బాధ లేదు. తోలు బంతి మొదలైతే, రెండో జతగా రబ్బరు గ్రిప్పుల క్రికెట్ షూ కొనండి. అప్పటికి పాదం ఎలాగూ ఒక సైజు పెరిగి ఉంటుంది.

ఇక పరుగు. దీనికి మాత్రం టర్ఫ్ షూ వద్దు. అడుగు బిరుసు, బరువు కూడా. మామూలు రన్నింగ్ షూ, తేలికపాటిది, ఒక జత విడిగా ఉండాలి. స్కూలు యూనిఫాం బూట్లతో పరిగెత్తించకండి. రన్నింగ్ స్పైక్స్ అడుగుతుందేమో, టీవీలో చూసి అందరూ అడుగుతారు. పెద్దల పోటీల్లో సింథటిక్ ట్రాక్ మీద ఒక్కో ముల్లు 9 మిల్లీమీటర్లు దాటకూడదు, హైజంప్‌కీ జావెలిన్‌కీ 12 దాకా ఒప్పుకుంటారు, ఒక్కో బూటుకి 11 ముళ్లకి మించకూడదు. ఆ నిబంధన అంతా రబ్బరు ట్రాక్ గురించి. ముగ్గు పిండితో గీతలు గీసిన మన గ్రావెల్ ట్రాక్ మీద ఆ ముళ్లు రాయికి తగిలి వంగిపోతాయి. సింథటిక్ ట్రాక్ మీద వారానికి రెండు మూడుసార్లు సాధన చేసే రోజు వస్తే అప్పుడు, అది కూడా స్ప్రింట్లకే.

ఒట్టికాళ్లతో పరిగెత్తడం తప్పేం కాదు, మీ మామగారి మాటలో నిజం లేకపోలేదు. మా బడి పిల్లలు జోనల్ మీట్లలో సగం మంది అలాగే పరిగెత్తి కప్పులు తెచ్చారు. కానీ దాని వెనక ఒక పని ఉండేది. పందేలకి ముందు రోజు సాయంత్రం పిల్లలందరినీ భుజం భుజం తగిలేలా ఒక వరసలో నిలబెట్టి, తల వంచుకుని గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించేవాణ్ణి. పల్లేరుకాయలు, గాజు పెంకులు, సోడా మూతలు ఏరి గోనెసంచిలో వేసేవాళ్లు. సంచి ఎప్పుడూ ఖాళీగా రాలేదు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది, మాస్టారికి అంత టైం ఎవరిస్తారు? కాబట్టి ఒట్టికాళ్లు ఇంటి దగ్గర, శుభ్రంగా ఉన్న ఇసుక మీద. కబడ్డీ మట్టి కోర్టులో అయితే తప్పకుండా ఒట్టికాళ్లే, మ్యాట్ మీద అయితే దానికి వేరే బూట్లు ఉంటాయి.

మామగారితో వాదన మరీ పెరిగితే ఈ కథ చెప్పండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టులో చాలామంది ఒట్టికాళ్లతోనే ఆడారు. ఫ్రాన్స్‌తో 1-2 తేడాతో ఓడినా ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఆయన ఛాతీ ఉబ్బుతుంది, ఉబ్బనివ్వండి. తర్వాత నాలుగేళ్లకి 1952లో హెల్సింకిలో యుగోస్లావియా మన మీద 10 గోల్స్ కొట్టిందని చెప్పండి. ఆ దెబ్బతో మనవాళ్లు కూడా బూట్లు తప్పనిసరి చేశారు.

ఇప్పుడు మీ తమ్ముడు పంపిన జత. క్లీట్స్ అన్న మాటకి కంగారు పడకండి, మనం స్టడ్స్ అనేదాన్నే అమెరికాలో అలా అంటారు. బేస్‌బాల్‌వి ఒకసారి తిరగేసి చూడండి. బొటనవేలి కొస దగ్గర, ముందు నడిమధ్యలో, ఒక స్టడ్ ఒంటరిగా కనిపిస్తుంది. బేస్‌బాల్‌లో బంతి కొట్టగానే ముందుకి దూకడానికి, నేలలో గుచ్చి తన్నుకోవడానికి అది. ఫుట్‌బాల్‌లో అదే స్టడ్ అవతలి పిల్ల ముంగాలికి తగులుతుంది. ప్రమాదకరమైనదేదీ వేసుకోకూడదని ఫుట్‌బాల్ నాలుగో నిబంధన, బూట్లు చూసే రెఫరీ అయితే వీటిని బయటే ఆపేస్తాడు. చూడని రెఫరీ అయితే ఇంకా భయం. అడుగున ఉన్నవి ప్లాస్టిక్‌వా లోహంవా అని కూడా చూడండి. లోహం అయితే పిల్లలకి అసలే వద్దు. అక్కడ చిన్నపిల్లల లీగుల్లోనే వాటిని ఒప్పుకోరు. స్కూల్లో సాఫ్ట్‌బాల్ టీమ్ ఉంటే, సైజు సరిపోయే పెద్దపిల్ల ఎవరైనా ఉంటే ఇచ్చేయండి, వాళ్లకి బంగారంలా పనికొస్తాయి. ఇంకో మాట, అమెరికా సైజు అంకె మన దగ్గర రాసే యూకే సైజు కంటే అర నుంచి ఒకటి దాకా ఎక్కువగా ఉంటుంది. తమ్ముడికి అంకె చెప్పి తెప్పిస్తే ఎప్పుడూ తేడానే. సెంటీమీటర్లలో చెప్పండి.

మీవారి మాటకి వస్తాను. "వచ్చే ఏడాదికి సరిపోతాయి" అన్నది ప్రతి ఇంట్లో నాన్నలు అనే మాటే. నేనూ అన్నాను. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు రెండు సైజులు పెద్దవి కొని, కొసల్లో దూది కూరి, డివిజన్ మీట్‌కి పంపాను. నేను పీఈటీని, నాకు తెలియదా అనే ధీమా. లాంగ్‌జంప్‌లో పరిగెత్తి పరిగెత్తి, బోర్డు దగ్గరికి వచ్చేసరికి బూటు కొస తట్టుకుని ఇసుకలో మొహం మీద పడ్డాడు. పళ్ల మధ్య ఇసుక ఉమ్ముకుంటూ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తే. వాడికిప్పుడు నలభై ఏళ్లు, పండక్కి వచ్చినప్పుడల్లా మనవలకి ఆ కథ చెప్తాడు.

ఎందుకు పడ్డాడంటే, యూకే సైజుల్లో ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు సైజులంటే పదిహేడు. బూటు వంగే చోటు ఒకటి ఉంటుంది, అది వేళ్ల మొదళ్ల కిందికి రావాలి. పదిహేడు మిల్లీమీటర్లు ముందుకి పోతే పాదం ఒక చోట వంగుతుంది, బూటు ఇంకో చోట వంగుతుంది. మడమ ప్రతి అడుగుకీ పైకి లేస్తుంది. బొబ్బలు అక్కడే, కాలు మడత పడేదీ అక్కడే.

కొలత ఇలా తీసుకోండి. సాయంత్రం, ఆడి వచ్చాక. పొద్దున పాదానికీ సాయంత్రం పాదానికీ తేడా ఉంటుంది, కాస్త ఉబ్బుతుంది. ఆటకి వేసుకునే సాక్సులే వేయండి. గోడకి మడమ ఆనించి, తెల్ల కాగితం మీద నిలబెట్టి, పొడుగ్గా ఉన్న వేలి దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. పొడుగు వేలు బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండోది. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాని లెక్క తీసుకోండి. మీ పాప యూకే 3, 4 దగ్గర ఉండొచ్చు. పిల్లల సైజులు 13 దాకా పోయి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి కాబట్టి "పోయినేడు 13 కొన్నాం, ఇప్పుడు 2 అంటున్నారేంటి" అని షాపులో గొడవ పడకండి.

షాపులో, బీసెంట్ రోడ్డయినా గవర్నర్‌పేటయినా, బూటులో పాదం కింద పరిచి ఉండే ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి పాపని దాని మీద నిలబడమనండి. వేలి ముందు మీ బొటనవేలి వెడల్పులో సగానికి కొంచెం ఎక్కువ, అంటే సుమారు ఒక సెంటీమీటరు మిగలాలి. పెరిగే పాదానికి వదిలే జాగా అంతే. పక్కలకి పాదం ఇన్‌సోల్ దాటి పొంగకూడదు. తర్వాత వేసుకుని లేసులు గట్టిగా కట్టి, గెంతి, పరిగెత్తి, టక్కున ఆగమనండి. ఆగినప్పుడు వేళ్లు ముందుకి కొట్టుకున్నాయా, మడమ లేచిందా అని అడగండి. పాప "బాగున్నాయి" అంటే నమ్మకండి. రంగు నచ్చితే పిల్లలకి ఏ సైజైనా బాగుంటుంది. చివరగా బూటుని రెండు చేతులతో పట్టి వంచండి. వేళ్ల దగ్గర వంగితే మంచిది. నడిమధ్యలో అట్టపెట్టెలా మడతపడితే వెనక్కి ఇచ్చేయండి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కండి, లోపలికి పోకూడదు.

మడమ నొప్పి విషయం. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, బాగా పరిగెత్తే పిల్లల్లో నేను ఇది ఏటా చూశాను. మడమ ఎముక వెనక భాగం ఆ వయసులో ఇంకా పెరుగుతూ మెత్తగా ఉంటుంది. పిక్క కండ నుంచి వచ్చే గట్టి నరంలాంటి పట్టీ సరిగ్గా అక్కడే అతుక్కుని ఉంటుంది. ఎముక తొందరగా పెరిగి, పిక్క బిగుసుకుంటే, ప్రతి గెంతుకీ ఆ పట్టీ మెత్తటి చోటుని లాగుతుంది. డాక్టర్లు సీవర్స్ డిసీజ్ అంటారు. పేరులో డిసీజ్ ఉంది గానీ రోగం కాదు, పెరుగుదల పూర్తయ్యాక తనంతట తానే పోతుంది. పాప మడమని రెండు పక్కల నుంచీ బొటనవేలు, చూపుడువేలుతో మెల్లగా నొక్కండి. "అబ్బా" అంటే అదే అయ్యే అవకాశం ఎక్కువ. గట్టి నేల, పలచటి అడుగున్న స్టడ్స్, విశ్రాంతి లేని ఆట, ఈ మూడూ దాన్ని రెచ్చగొడతాయి.

మీరు రాసినదాన్ని లెక్కపెట్టాను. స్కూలు ఫుట్‌బాల్, శని ఆదివారాల క్రికెట్, రోజూ సాయంత్రం టర్ఫ్. వారంలో ఖాళీ రోజు ఒక్కటీ లేదు. ముందు రెండు వారాలు పరుగులు, గెంతులు తగ్గించండి, ఆ తర్వాత కూడా వారానికి కనీసం ఒకటి, వీలైతే రెండు రోజులు ఆట లేకుండా ఉంచండి. సాయంత్రం టర్ఫ్ మానేస్తే పాప మూతి ముడుస్తుంది, ముడవనివ్వండి. ఆడి వచ్చాక గుడ్డలో ఐసు చుట్టి పది నిమిషాలు పెట్టండి. గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకి ఆనేలా ఉంచి పిక్క సాగదీయించండి, రోజుకి రెండుసార్లు. బూటులో మడమ కింద వేసే సిలికాన్ మెత్తలు మందుల షాపుల్లో దొరుకుతాయి, రెండు కాళ్లకీ వేయండి. కుంటుతూ నడిచినా, వాపు కనిపించినా, రాత్రి నిద్రలో నొప్పితో లేచినా, జ్వరం ఉన్నా, పడ్డాక ఒక్క కాలికే మొదలైనా ఇవేవీ చేస్తూ కూర్చోకుండా ఎముకల డాక్టరుకి చూపించండి.

ఈ నొప్పి తగ్గాకే షాపుకి వెళ్లండి. అందుకే ఈ వారం కొనొద్దన్నాను. నొప్పి ఉన్న కాలితో వేసుకుని చూస్తే ఏది సరిపోయిందో పాపకే తెలియదు.

ఖర్చు లెక్క చెప్పమంటే, నేను ఈమధ్య మనవడికి కొన్నప్పుడు చూసినదాన్నిబట్టి, టర్ఫ్ షూ మంచిదే వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది, నివియాలాంటి మన దేశపు కంపెనీలవి. రన్నింగ్ షూ కూడా వెయ్యి, పదిహేను వందల్లోనే. ముంగాలికి కట్టుకునే షిన్‌గార్డులు మూడు వందల లోపే. మీరు బూట్ల గురించి ఇంత రాసి షిన్‌గార్డుల ఊసే ఎత్తలేదు. ఫుట్‌బాల్‌లో అవి తప్పనిసరి, పైన సాక్సు కప్పి ఉండాలి కూడా. పది వేల టెన్షన్ మూడు, మూడున్నర వేలతో తీరుతుంది.

కొన్న రోజే ఆ టర్ఫ్ షూని వీధి చివర చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి అడుగు చుట్టూ కుట్టు వేయించండి. తక్కువ ధర బూట్లకి అడుగు జిగురుతోనే అంటించి ఉంటుంది. మన ఎండకి ఆ జిగురు నిలవదు. మే నెలలో కారు డిక్కీలో రెండు రోజులు వదిలేస్తే నోరు తెరుస్తాయి. తడిస్తే ఎండలో పెట్టకండి, పాత పేపరు ఉండలు కూరి ఫ్యాను కింద పెట్టండి. రేగడి అంటుకుంటే తడి మీద గీకకండి, ఆరనిచ్చి రెండు బూట్లూ ఒకదానికొకటి కొడితే పెళ్లలుగా రాలిపోతుంది. మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో. ఇంటి నుంచి గ్రౌండు దాకా చెప్పులేసుకుని వెళ్లి, అక్కడ మార్చుకోమనండి. అపార్ట్‌మెంట్ మెట్ల మీద, రోడ్డు మీద నడిస్తే ఆ శనగగింజలు రెండు నెలల్లో అరిగిపోతాయి.

పాదం పెరిగాక ఆ జత అటక మీద పెట్టకండి. మా బడిలో ఒక ట్రంకు పెట్టె ఉండేది, చిన్నవైపోయిన బూట్లన్నీ అందులోకి చేరేవి. మీ పాప స్కూలు పీఈటీ గారిని అడగండి, అలాంటి పెట్టె ఒకటి పెట్టమని. బహుశా మీ పాపకి సరిపోయే జత కూడా పై తరగతి పిల్ల దగ్గర నుంచి అందులోకే వస్తుంది. మడమ పక్కకి ఒరిగిపోయి అరిగినవి మాత్రం తీసుకోకండి.

తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు బూట్లు పంపొద్దని చెప్పండి, నొచ్చుకుంటాడేమో అనుకుంటే ఇంకో పని అప్పగించండి. ఆటకి వేసుకునే సాక్సులు, అరికాలు దగ్గర మందంగా ఉండి చెమట పట్టనివి, ఒక ఆరు జతలు తెమ్మనండి. మన ఉక్కకి నూలు సాక్సులు తడిసి ముద్దై బొబ్బలు తెస్తాయి. సాక్సులకి సైజు గొడవ కూడా పెద్దగా ఉండదు.